అందరి మేలు చెప్పిన సామి

"ఫాదర్ గారు తెల్లారుజామున పోయినారమ్మా. రేపు మధ్యాన్నం సమాధి. మీ నాయనకు చెప్పు" అని సిస్టర్ ఫోన్ చేసినప్పుడు నేను మిద్దెమింద గుడ్డలు ఆరేస్తా ఉన్నాను. సగం బకెట్టు అట్లే వదిలేసి కిందికి దిగినాను.

నాయన వసారాలో కూర్చోని తెల్లగడ్డలు వలస్తా ఉన్నాడు.

"సామి పోయినాడంట నాయనా" అన్నాను.

తిరపతిలో సామి అంటే కొండమిందుండే సామే గదా ఎవరికైనా. మా ఇంట్లో మాత్రం ఆ మాటకు ఇంకో మనిషి ఉండాడు. ఏ సామి అని నాయన అడగలేదు. చేతిలో ఉండే పాయ పొట్టు పూర్తిగా తీసి, గిన్నెలో వేసి, ఒళ్ళో పడిన పొట్టంతా దులుపుకున్నాడు.

"ఎన్ని గంటలకంట?"

"మధ్యాన్నం. పాకాల కాడ. ఆయనుండే ఇంట్లోనే."

"పొద్దున్నే రైలుంటాది. పోదాం" అన్నాడు.

పోదామంటాడని నేను అనుకోలేదు. ఈ రెండేండ్లుగా ఆయన మాట ఇంట్లో ఎత్తితేనే లేచి బయటికి పోతా ఉండే మనిషి నాయన. నాకు మాత్రం పోవాలని లేదు. ఏడుపూ రాలేదు. పోయినోళ్ళ మింద కోపం పెట్టుకోకూడదంటారు. ఆ పొద్దు నాకు ఉండిందల్లా కోపమే.

ఆయన పేరు రాయను. మా ఊరి పేరూ రాయను. నగరి దాటి అరవ దేశం పక్కకు పోయే దావలో, ఏ వీధిలో నిలబడినా మరమగ్గాల చప్పుడు వినిపించే ఊరని మాత్రం చెప్తాను. ఊరికి దిగువన, ఏటి ఒడ్డున, పాతిక ముప్పై ఇండ్లతో ఒక పేట. దిగువపేట అనేవాళ్ళు. అది మాది. మేము నేతపని చేసుకునేవాళ్ళం, ఏడాదికోసారి కొండెక్కి గుండు కొట్టించుకునేవాళ్ళం. ఆయన ఊళ్ళో ఉండే క్యాథలిక్ గుడికి ఫాదరు. అయినా ఏ కులమోళ్ళయినా, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళయినా ఆయన్ని సామీ అనే పిలిచేది.

మా దిక్కుకొచ్చేటప్పటికే ఆయనకు యాభై దాటుంటాయి. పొడుగు మనిషి. ఎవరితో మాట్లాడినా వాళ్ళ ఎత్తుకు వంగి మాట్లాడి మాట్లాడి నడుమే వంగిపోయినట్టుండేవాడు. తెల్ల అంగీ అంచుకు ఎప్పుడూ బురదో, దుమ్మో. పుట్టింది తడ అవతల. తెలుగూ అరవమూ కలిపి మాట్లాడేవాడు. మాటకొకసారి "సరి" అనేవాడు. మంచి వార్తకూ సరే, చెడ్డ వార్తకూ సరే. ఆ సరిలో ఏముందో గొంతును బట్టి మనమే తెలుసుకోవాల.

మొగోళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ చెయ్యి పట్టుకునేవాడు. మాట అయిపోయినాక వదలడం మర్చిపోయేవాడు. మగ్గానికి పొద్దయిపోతా ఉన్నా, మా నాయన ఆయన చేతిలో చెయ్యి పెట్టుకోని నడివీధిలో అట్లే నిలబడుకోనుండేది నేను శానాసార్లు చూసినాను. "లాక్కోని రావచ్చు గదా" అని అమ్మ అంటే, "పట్టుకున్నోళ్ళ చెయ్యి ఎట్లా లాక్కునేది" అనేవాడు నాయన.

ఆయనకు ఇంకో అలవాటుండింది. ఏ కూటానికి పోయినా, పెండ్లి పందిట్లోకి పోయినా, చావింటికి పోయినా, గడపలో నిలబడి ఒకసారి అందరి మొహాలూ చూసేవాడు. చూసి, "ఎవరు రాలేదప్పా?" అని అడిగేవాడు. పిలిచినోళ్ళేమో ఇంతమంది వచ్చినారని మురిసిపోతా ఉంటారు. ఆయనకు వచ్చినోళ్ళతో పనిలేదు. రానోళ్ళెవరు, ఎందుకు రాలేదు, పిలిచినారా పిలవలేదా అని ఆరా తీసేవాడు. ఒకసారి బడి వార్షికోత్సవానికి పెద్ద పెద్దోళ్ళంతా వచ్చి కూర్చున్నాక, బడి చిమ్మే ఆమె కనపడలేదని స్టేజీ దిగి పోయినాడు. ఆమె వంటింటి వెనకాల గిన్నెలు తోముతా ఉండింది. చేతులు కడిగించి తోడుకోనొచ్చి కూర్చోబెట్టినాక గానీ దీపం వెలిగించనీయలేదు. ముఖ్య అతిథికి ఒళ్ళు మండిందని తర్వాత చెప్పుకున్నారు.

నేను ఆయన బడిలోనే చదువుకున్నాను. శనివారం సాయంత్రం బడి వరండాలో మాట్లాడేవాడు. ఎవరైనా పోయి కూర్చోవచ్చు. మతంలో కలుపుకునే మాటలు కావవి. శ్రీసభ, అంటే వాళ్ళ క్యాథలిక్ సంఘం, ఎన్నో ఏండ్లుగా చెప్తా వచ్చిన మాట ఒకటుండాదని, దానికి పుస్తకాల్లో సర్వుల శ్రేయస్సు అని పెద్ద పేరుండాదని, తనకు ఆ పేరు నోరు తిరగదని, అందుకే అందరి మేలు అంటానని చెప్పినాడు. ఆ రెండు మాటలే మా ఊళ్ళో ఆయనకు ఇంటిపేరయినాయి. అందరి మేలు సామి.

ఒకరోజు మా నాయన అడిగినాడు. అప్పుడు నేను ఏడో ఎనిమిదో చదువుతా ఉన్నాను, పక్కనే కూర్చోనుండినాను.

"సామీ, నాకొక అనుమానం. నూరు మందికి మేలవతా ఉండి, ఒకడికి నష్టమైతే పోనీలే అనుకోవచ్చు గదా. లోకమంతా అట్లే గదా నడిచేది."

సామి నాయన దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నీకెంతమంది పిల్లోళ్ళప్పా?"

"నలుగురు."

"ముగ్గురికి కడుపునిండా పెట్టి, ఒకర్ని పస్తు పడుకోబెడతావు అనుకో. ఇంట్లో ఎక్కువమంది తిన్నారులే అని నీకు నిద్ర పడతాదా?"

నాయన నవ్వినాడు. "ఎట్లా పడతాది సామీ."

"సరి. అదే. అందరి మేలంటే ఎక్కువమంది మేలు కాదప్పా. లెక్కపెట్టడం మొదలుపెట్టినామంటే, ఆడికే అది అందరి మేలు కాకుండా పోయింది. తల్లి అన్నం పెట్టేటప్పుడు లెక్క పెట్టదు. ఎవరు తినలేదో చూస్తాది."

ఆ మాట నాయన మగ్గం కాడ, టీ అంగడి కాడ, మా మేనమామ పెండ్లిలో, యాడపడితే ఆడ చెప్పుకోని తిరిగినాడు. తనకు అంతకుముందే తెలిసినట్టుగా చెప్పేవాడు.

సామి ఊరికే చెప్పే మనిషి కూడా కాదు. వానలు లేని ఒక ఎండాకాలం ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. అది వచ్చి నిలబడేది వీధి మొదట్లో. గట్టిగా ఉండేవాళ్ళు ముందే పోయి బిందెలు పెట్టేవాళ్ళు. వీధి చివరింట్లో ఒంటిగా ఉండే ముసలమ్మకు అడుగున మిగిలే తుప్పు నీళ్ళే దక్కేవి. సామి ఒకరోజు తన బిందె తీసుకోని వచ్చి ఆమె వెనక నిలబడినాడు. ఎవరినీ ఏమీ అనలేదు. వంతు వచ్చేటప్పటికి నీళ్ళయిపోయినాయి. ఖాళీ బిందెతో వెనక్కి పోయినాడు. రెండోరోజూ అట్లే. మూడోరోజు ట్యాంకరు డ్రైవరే ఆగలేక, బండి నేరుగా వీధి చివరికి తోలుకోని పోయి ఆడ నిలబెట్టినాడు. ఆ పొద్దు నుంచీ మా ఊళ్ళో నీళ్ళు తోక కాడి నుంచే మొదలయ్యేవి.

ఇట్లాంటి మనిషిని నమ్మక ఏం చేస్తారు ఎవరైనా.

నేను డిగ్రీ చదివేటప్పుడు రంగుల గొడవ మొదలైంది. నూలుకు రంగులేసే కంపెనీలు ఊరికి ఎగువన ఏటి పక్కన వెలిసినాయి. రంగు నీళ్ళు నేరుగా ఏట్లోకే వదిలేవాళ్ళు. పొద్దున ఎర్రగా, సాయంత్రం నీలంగా పారేది ఏరు. కొన్నాళ్ళకు ఊరి బావుల్లో నీళ్ళు మారినాయి. అన్నం వండితే వాసన. పిల్లోళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు. ఆ కంపెనీలు నడిపేవాళ్ళవే మగ్గాలు కూడా. అందుకని మగ్గాల్లో పనిచేసేవాళ్ళెవరూ నోరు తెరవలేదు.

తెరిపించింది సామి. ఇంటింటికీ తిరిగినాడు. గుడికొచ్చేవాళ్ళు, రానివాళ్ళు, మసీదు వీధి వాళ్ళు, అందరినీ ఒక కాడ కూర్చోబెట్టినాడు. ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. ఆఖరికి రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ముందు వరసలో కూర్చునింది మా దిగువపేట. మా నాయన సామి పక్కనే. రెండోరోజే నాయన్ని మగ్గం నుంచి తీసేసినారు.

ఆ సాయంత్రం సామి మా ఇంటికొచ్చినాడు. నాయన చెయ్యి పట్టుకోని శానాసేపు కూర్చున్నాడు.

"నా వల్ల నీ పని పోయిందప్పా" అన్నాడు.

"నీ వల్ల కాదు సామీ. నేను కూర్చున్నా, పోయింది. ఏట్లో నీళ్ళు బాగుపడితే చాలు" అన్నాడు నాయన.

అమ్మ సంగటి పెట్టింది. సామికి కారం పడదు. పప్పులో వేలు ముంచి నాలిక మింద పెట్టుకోని, "సరి, సరి" అంటా కండ్లలో నీళ్ళు తుడుచుకున్నాడు. కారానికో, మా నాయన మాటకో తెలీదు. మేమందరం నవ్వినాం.

గొడవ పెద్దదై పైవాళ్ళ దాకా పోయింది. ఊరికి ఎగువన రంగు కంపెనీలు ఉండకూడదని తేలింది. కంపెనీలోళ్ళు అంతకంతా బెదిరించినారు. రంగు లేకపోతే నూలు లేదు, నూలు లేకపోతే మగ్గాలు లేవు, ఊరంతా పస్తులే అన్నారు. ఒక వారం మగ్గాలు నిలిపేసి చూపించినారు కూడా. వారం దినాలు ఊళ్ళో చప్పుడు లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుట్లో పెరిగినోళ్ళం, చెవులు పోయినట్టుండింది. రోడ్డు మింద కూర్చున్నోళ్ళే సామి కాడికి పోయి, ఏదో ఒక దావ చూడు సామీ అని ఏడ్చినారు.

చర్చి హాల్లో కూటం పెట్టినారు. ఆఫీసర్లు, కంపెనీలోళ్ళు, ఊరి పెద్దలు, మగ్గాల పనోళ్ళ తరఫున నలుగురు. సామి నడిమధ్యన. పొద్దున మొదలై సాయంత్రానికి ముగిసింది. కంపెనీలు ఊరికి ఎగువ నుంచి దిగువకు మారతాయి. మా పేట పక్కనుండే బీడు భూమికి. రంగు నీళ్ళను శుద్ధి చేసే మిషను పెడతారు, శుద్ధి చేసినాకే ఏట్లోకి వదుల్తారు. ఊరి బావులు బాగుపడతాయి, మగ్గాలు నడుస్తాయి. అందరూ చప్పట్లు కొట్టినారంట.

మా పేట నుంచి ఆ కూటానికి ఒక్కరినీ పిలవలేదు. మగ్గాల పనోళ్ళ తరఫున పోయిన నాయన స్నేహితుడొకాయన తర్వాత చెప్పినాడు. "నేను కాసుకోని ఉండినా అబ్బా. సామి లోపలికొచ్చినాడు, మొహాలన్నీ చూసినాడు. ఎవరు రాలేదని అడుగుతాడు, మీ పేటోళ్ళు రాలేదని చెప్దామనుకుంటి. అడగలేదు. తలొంచుకోని పోయి కూర్చున్నాడు."

మరునాడు పొద్దున సామే మా పేటకొచ్చినాడు. ఆ మటుకు దాక్కోలేదు, ఒప్పుకుంటాను. రేషన్ అంగడి అరుగు మింద కూర్చున్నాడు. మేమంతా చుట్టూ చేరినాం. జరిగింది చెప్పినాడు. ఎప్పుడూ కూర్చున్నోళ్ళ మొహాలు చూసి మాట్లాడే మనిషి, ఆ పొద్దు ఏటి దిక్కు చూస్తా మాట్లాడినాడు.

"అందరి మేలు కోసం ఒప్పుకున్నానప్పా" అన్నాడు ఆఖరున.

మా నాయన లేచినాడు.

"ఆ అందరిలో మేము లేమా సామీ?"

"ఉండారప్పా. మిషను పెడతారు. నీళ్ళు చెడవు. నేను పూచీ."

"మిషను అంత బాగా పనిచేసేదైతే, ఉండే కాడనే పెట్టుకోవచ్చు గదా. ఎగువ నుంచి దిగువకు మార్చేదెందుకు?"

సామి కండ్లు మళ్ళీ ఏటి దిక్కుకే పోయినాయి. "నన్ను నమ్మండి" అన్నాడు.

"నమ్మబట్టే గదా ముందర కూర్చునింది" అన్నాడు నాయన.

సామి లేచి వచ్చి నాయన చెయ్యి పట్టుకోబోయినాడు. నాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. కోపంగా కాదు. మెల్లిగా, ఎవరికీ కనపడకుండా చేసినట్టు చేసినాడు. నేను వెనక నిలబడుకోనుండినాను కాబట్టి ఆ చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోనుండేది చూసినాను.

మిషను పెట్టినారు. నిజమే. ప్రారంభానికి టెంకాయ కొట్టినారు, సామి వచ్చి ప్రార్థన చేసినాడు. కొన్ని నెలలు తిరిగింది. ఆ తర్వాత ఎవరైనా చూసేదానికి వస్తేనే తిరిగేది. తర్వాత అప్పుడూ తిరగలేదు. ఏడాది తిరక్కుండానే మా బావి నీళ్ళకు రంగొచ్చింది. ఏటి గడ్డి మేసిన చూడావులు ఈసుకుపోయి, నెలలు నిండకుండానే దూడల్ని పడేసినాయి. మా అమ్మ చేతులు మోచేతుల దాకా పుండ్లు. ఊళ్ళో మాత్రం బావులు తేటపడినాయి. మగ్గాలు రాత్రింబవళ్ళు ఆడినాయి. ఊరోళ్ళు చెడ్డోళ్ళేం కాదు. ఎదురుపడితే అయ్యో అనేవాళ్ళు. మా గురించి ఇంకోసారి రోడ్డు మింద కూర్చుందామని మాత్రం ఎవరూ అనలేదు.

మా పేటోళ్ళు సామి కాడికి పోయినారు. మాట్లాడతా అన్నాడు. మళ్ళీ పోయినారు. పైవాళ్ళకు రాసినా అన్నాడు. మూడోసారి పోతే సామి ఊళ్ళో లేడన్నారు. కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయిందని తెలిసింది. పైవాళ్ళు చేసినారన్నారు కొందరు. ఆయనే అడిగి చేయించుకున్నాడన్నారు కొందరు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలీదు.

సాగనంపేదానికి ఊళ్ళో మేళం పెట్టినారు. మోయలేనన్ని దండలు వేసినారంట. మా పేటోళ్ళు పోలేదు. ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోవాలంటే మా పేట మలుపు మిందనే పోవాల. ఆ పొద్దు నాయన తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకోని, ఎవరితోనూ చెప్పకుండా పోయి ఆ మలుపు కాడ నిలబడినాడు. నేను మా గడపలో నుంచి చూస్తా ఉండినాను. జీపు వచ్చింది. ముందర సీట్లో సామి, మెళ్ళో ఇంకా దండలుండాయి. మా పేట దిక్కుకు తిరగకుండా నేరుగా చూస్తా ఉన్నాడు. జీపు ఆగలేదు. దుమ్ము అణిగినాక కూడా నాయన ఆడనే శానాసేపు నిలబడినాడు.

ఆ తర్వాతి ఎండాకాలం మేము పేట వదిలేసినాం. ఒక్కొక్క ఇల్లూ అట్లే ఖాళీ అయింది. పలమనేరుకు కొందరు పాల పనికి, అరవ దేశానికి కొందరు. మేము తిరపతికి. పుట్టినప్పటి నుంచి గుడ్డ నేసిన మనిషి మా నాయన, లాడ్జిలో యాత్రికులు వాడి పడేసిన దుప్పట్లు ఏరి మూటలు కట్టే పనికి కుదిరినాడు. మా అమ్మ ఆ చేతుల పుండ్లు మానకుండానే పోయింది. నేను చదువు పూర్తిచేసుకోని పంతులమ్మనైనాను. సామి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

రెండేండ్ల కింద పరీక్షల డ్యూటీకి పాకాల పోయినప్పుడు, పనిచేయలేని ముసలి ఫాదర్లుండే ఇల్లు ఆ దగ్గర్లో ఉండాదని, మా సామి ఆడనే ఉండాడని ఎవరో చెప్పినారు. డ్యూటీ అయినాక పోయినాను. ఎందుకు పోయినానో తెలుసు. అడగాలనే పోయినాను.

వరండాలో కుర్చీలో కూర్చోనుండాడు. అంత పొడుగు మనిషి ఇంతైపోయినాడు. నేనెవరో చెప్పకముందే, "దిగువపేట" అన్నాడు. మా నాయన పేరు చెప్పి, "ఆయన కూతురు గదా" అన్నాడు.

బాగుండారా అని నేను అడగలేదు.

"ఆ పొద్దు మమ్మల్ని ఎందుకు పిలవలేదు సామీ?" అన్నాను.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. దాటేస్తాడనుకున్నాను. మిషను నడపనోళ్ళ మింద తోస్తాడనుకున్నాను.

"పిలిస్తే మీరు ఒప్పుకోరని తెలుసమ్మా" అన్నాడు. "ఊళ్ళో మగ్గాలు నిలిచిపోయినాయి. వేలమంది. పిల్లోళ్ళు ఆకలని గుడి మెట్ల మింద కూర్చున్నారు. మీరు చూస్తే ముప్పై ఇండ్లు. నేను లెక్కపెట్టినానమ్మా. లెక్క పెట్టొద్దని మీకందరికీ చెప్పి, నేను లెక్కపెట్టినాను."

ఇన్నేండ్లుగా ఆయన అబద్ధం చెప్తాడనే సిద్ధపడి ఉంటిని. నిజం చెప్తే ఏం చేయాలో అనుకోలేదు.

"మీ నాయన ఉండాడా?" అని అడిగినాడు.

"ఉండాడు."

"నా మింద ఏమన్నా అంటాడా?"

"ఏమీ అనడు."

ఆ మాటకు ఆయన మొహం మాడిపోయింది. "వచ్చే ఆదివారం పూజ అయినాక వస్తానమ్మా. చెప్పు ఆయనతో. నేనే వచ్చి అడగాల" అన్నాడు. చిరునామా చెప్పించుకున్నాడు. ఆయన్ని చూసుకునే సిస్టర్ నా ఫోన్ నంబరు తీసుకునింది.

ఇంటికొచ్చి చెప్తే నాయన ఊఁ అని కూడా అనలేదు. శనివారం సాయంత్రం మాత్రం పోయి గడ్డం గీయించుకోనొచ్చినాడు. ఆదివారం పొద్దున్నే వంటింట్లోకొచ్చి, "పప్పులో కారం తక్కువెయ్యి పాపా. ఆయనకు పడదు" అన్నాడు. తెల్ల పంచె కట్టుకోని వసారాలో కుర్చీ వేసుకోని కూర్చున్నాడు. ఎదురుగా ఇంకో కుర్చీ వేసినాడు. మధ్యాన్నమైంది. తిందువు రా నాయనా అంటే, "వచ్చినాక తింటా" అన్నాడు. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా లేచి నిలబడినాడు. వీధి దీపాలు వెలిగినాక ఎదురుగా ఉండే కుర్చీ తనే ఎత్తి లోపల పెట్టినాడు. "ఏదో పని పడుంటాది" అన్నాడు నాతో. ఆ తర్వాత ఆయన మాట వస్తే లేచిపోవడం మొదలుపెట్టినాడు.

జీపు ఆపకుండా పోయిందానికన్నా నాకు ఇది ఎక్కువ మండింది. సిస్టర్ నుంచి ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు.

సమాధికి మేము పోయేటప్పటికే ఆ ఇంట్లో ఉండే గుడి నిండిపోయింది. మా ఊరోళ్ళు రెండు బస్సుల్లో వచ్చినారు. మమ్మల్ని చూసి పలకరించినారు. నాయన ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పెద్ద ఫాదర్ ఒకాయన మాట్లాడినాడు. తాగే నీళ్ళ కోసం ఒక ఊరినంతా ఒకటి చేసిన మనిషని, మగ్గాలనూ ఏటినీ రెండింటినీ కాపాడినాడని, శ్రీసభ చెప్పే అందరి మేలుకు ఆయన బతుకే సాక్ష్యమని చెప్పినాడు. మా ఊరోళ్ళు కండ్లు తుడుచుకున్నారు. దిగువపేట అనే మాట ఒక్కసారన్నా వస్తాదేమోనని నేను ఆఖరి దాకా విన్నాను. రాలేదు. నాయన వైపు చూస్తే, భుజం మింద తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకోని, అంచులు సరిచేస్తా ఉన్నాడు.

గుంత కాడ అందరూ వరసగా పోయి మన్ను వేసినారు. నాయన వేసినాడు. నేను వేయలేదు.

వచ్చేస్తా ఉంటే సిస్టర్ పిలిచింది. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నాయన ఎదురుగా స్టూలేసుకోని కూర్చునింది.

"మీతో ఒక మాట చెప్పాల అయ్యా. ఆ ఆదివారం ఆయన బయలుదేరినారు. ఉతికిన అంగీ వేసుకోని, నన్ను తోడు రమ్మన్నారు. పాకాల స్టేషన్‌కు పోయినాం. టికెట్లు కూడా తీసినాం. తిరపతి రైలు వచ్చింది. లేవలేదు. ఇంకోదానికి పోదాం సిస్టర్ అన్నారు. అదీ వచ్చి పోయింది. సాయంత్రం దాకా ఆ బెంచీ మిందనే కూర్చున్నాం."

నాయన గ్లాసు కింద పెట్టినాడు.

"ఒంట్లో బాగలేదా?" అని అడిగినాను నేను.

"బాగానే ఉండినారమ్మా. భయమేసిందంట. ఫోన్ చేసి చెప్తానంటే వద్దన్నారు. అంత పెద్ద పెద్ద ఆఫీసర్ల ముందర నిలబడిన మనిషి గదా, ఏం భయం ఫాదర్ అన్నాను. ఆ మనిషి నాకు అన్నం పెడతాడు సిస్టర్ అన్నారు. తిడితే తట్టుకుంటా, అన్నం పెడితే ఎట్లా తట్టుకునేది అన్నారు. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు బయలుదేరి, గేటు దాకా పోయి వెనక్కొచ్చేసినారు."

ఆ మాట విని మనసు కరుగుతాదని సిస్టర్ అనుకున్నట్టుండింది. నాకు కరగలేదు. ఆ బెంచీ నుంచి మా గడపకు గంటన్నర దూరం. ఆ గంటన్నర దాటలేకపోయినాడు గదా అనే అనిపించింది.

నాయన తువ్వాలు భుజాన వేసుకోని లేచినాడు. మెట్టు దిగబోయి ఆగినాడు.

"ఆయనకు నేను సరిగ్గా తెలీలేదు తల్లీ" అన్నాడు సిస్టర్‌తో. "ముందు తిట్టేవాణ్ణే. కడుపులో ఉండేదంతా అయిపోయేదాకా తిట్టి, ఆ తర్వాత అన్నం పెట్టేవాణ్ణి. రెండూ లేకుండా చేసి పోయినాడు."